సముద్ర గర్భం నుంచి ఎగిరే క్షిపణులు – తరతరాల తేడాలు

(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగానికి పాఠం. ప్రత్యేక సంచిక కోసం అక్కడక్కడ కొంచెం విస్తరించి రాసినది.)



ఏటా ఈ సమావేశంలో డి.ఎ. బకాయిలు, హెల్త్ కార్డులు, లైఫ్ సర్టిఫికెట్లు, ఇవే మన ముచ్చట్లు. ఈసారి కార్యదర్శి గారు "గురువుగారూ, బీచ్ రోడ్డు బెంచీ మీద కూర్చుని సబ్‌మెరైన్ల సంగతి చెబుతుంటారే, అదేదో సభలోనే చెప్పెయ్యండి, ఒక పూటైనా బకాయిల గోల తప్పుతుంది" అన్నారు. నేను సైంటిస్టును కాను, నేవీ మనిషిని కాను. ముప్పై నాలుగేళ్లు ఇన్‌వర్డు, అవుట్‌వర్డు రిజిస్టర్ల మధ్య గడిపిన గుమాస్తాను. చెప్పబోయేదంతా పుస్తకాల్లోనూ పత్రికల్లోనూ అచ్చయినదే. రహస్యాలు నా దగ్గర లేవు.

ఈ ప్రసంగానికి మూలం ఒక ప్రశ్న. 2024 నవంబరు 27న మన అరిఘాత్ జలాంతర్గామి నుంచి కె-4 అనే క్షిపణిని బంగాళాఖాతంలో ప్రయోగించారని వార్త వచ్చింది. అది 3,500 కిలోమీటర్లు పోగలదట. మర్నాడు బెంచీ మీద ఒక మిత్రుడు పెదవి విరిచారు. "అమెరికా వాళ్ల ట్రైడెంటు 12,000 కిలోమీటర్లు పోతుందటండీ. అంటే మనం మూడు తరాలు వెనకబడి ఉన్నట్టే కదా?" అన్నారు. ఒక్క ముక్కలో అవుననో కాదనో చెప్పగలిగే ప్రశ్న కాదది. అందుకే ఇంత దూరం తెచ్చాను.

మన ఊళ్లో ఈ విషయం మాట్లాడటం తేలిక. రామకృష్ణా బీచ్‌లో ఉన్న కుర్సురా జలాంతర్గామిని చూడనివారు ఈ హాల్లో ఉండరనుకుంటాను. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో రిటైరై, 2002 నుంచి మ్యూజియంగా మన మధ్య ఉంది. దానిదీ మనదీ ఒకటే కేడరు. తొంభై మీటర్ల పైచిలుకు పొడవు. లోపల ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళ్లాలంటే గుండ్రటి కంతలోంచి వంగి దూరాలి. మా మనవడు చెంగున దూకాడు, నేను మోకాళ్లు పట్టుకుని దాటాను. అందులో ఉన్నవి టార్పెడోలు మాత్రమే. నీళ్లలో ఈదుకుంటూ పోయి ఓడను కొట్టే ఆయుధాలు. శత్రువును కొట్టాలంటే శత్రువు దగ్గరకే పోవాలి. ఇప్పుడు మనం మాట్లాడుకునేది ఆ రకం కాదు. నీళ్ల అడుగున ఉండి, నీటిని చీల్చుకుని పైకి వచ్చి, ఆకాశం దాటి, ఇంకో దేశంలో ఒక ఊరి మీద అణుబాంబు దించే క్షిపణులు.

వీటిలో మొట్టమొదటిది సోవియట్ రష్యాది. 1955 సెప్టెంబరు 16న శ్వేత సముద్రంలో ఒక జలాంతర్గామి నుంచి ఆర్-11 ఎఫ్.ఎం. అనే క్షిపణిని వదిలారు. పోయే దూరం 150 కిలోమీటర్లు. మన ఊరి నుంచి కాకినాడ దాకా అనుకోండి. పైగా జలాంతర్గామి నీటి పైకి తేలాలి, క్షిపణిని గొట్టంలోంచి పైకెత్తాలి, అప్పుడు వదలాలి. దాక్కోవడానికి పుట్టిన నౌక, సరిగ్గా ఆ నిమిషాల్లో అందరి కళ్లా పడేది. తరువాత వచ్చిన ఆర్-13 కూడా 600 కిలోమీటర్లు పోయినా పైకి తేలవలసిందే. 1963లో ఆర్-21తోనే వాళ్లకు నీటి అడుగు నుంచి ప్రయోగించడం చేతనైంది.

అప్పటికి అమెరికా ముందుకు పోయింది. వాళ్లు మొదట సైన్యంతో కలిసి జూపిటర్ అనే పెద్ద క్షిపణిని ఓడల్లో పెట్టాలనుకున్నారు. అది ద్రవ ఇంధనంతో నడిచేది. కుదుపుకు ఊగే ఓడలో, మూసిన గదిలో, మండే ద్రవాలను పెట్టుకోవడం నావికులకు ససేమిరా నచ్చలేదు. 1956 చివర్లో దాన్ని వదిలేసి, ఘన ఇంధనంతో చిన్న క్షిపణి చేస్తామన్నారు. మన దీపావళి తారాజువ్వ ఘన ఇంధనమే. మందు కూరి ఉంటుంది, వత్తి అంటిస్తే లేస్తుంది, నింపడాలూ పంపులూ ఉండవు. తేడా ఏమిటంటే ఇక్కడ మందు రబ్బరు ముద్దలాగా గట్టిపడి గొట్టానికి అతుక్కుని ఉంటుంది. ఆ క్షిపణికి పొలారిస్ అని పేరు పెట్టారు. అంటే మన ధ్రువ నక్షత్రం.

ఇక్కడ మన ఆఫీసులకు సంబంధించిన ఒక చిన్న ముచ్చట. పొలారిస్ పని సకాలంలో పూర్తి కావాలని, ఏ పని తరువాత ఏ పని, ఏది ఆలస్యమైతే ఏది ఆగుతుంది అని గీతలతోనూ సున్నాలతోనూ చూపే పద్ధతి ఒకటి 1958లో కనిపెట్టారు. దాని పేరు పెర్ట్. తరువాత ఇంజనీరింగ్ శాఖల్లో పనిచేసినవారికి గుర్తుండే ఉంటుంది, ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు గారి గోడ మీద వేలాడే పెర్ట్ చార్టు. మన కల్వర్టులు ఆ చార్టు ప్రకారం పూర్తయ్యాయా లేదా అన్నది వేరే కథ. పొలారిస్ మాత్రం పూర్తయింది. తొందర ఎంతంటే, కట్టడం మొదలుపెట్టిన వేరే జలాంతర్గామిని మధ్యకు కోసి, నలభై మీటర్ల ముక్క ఒకటి అతికించి, అందులో పదహారు గొట్టాలు నిలబెట్టారు. అదే జార్జి వాషింగ్టన్. 1960 జులై 20న నీటి అడుగు నుంచి మొదటి పొలారిస్‌ను వదిలింది. ఆ నవంబరులోనే పదహారు క్షిపణులతో గస్తీకి పోయింది.

నీటి అడుగు నుంచి ఎలా వదులుతారని పిల్లలు అడుగుతారు. గొట్టంలోనే నిప్పు పెట్టరు. ముందు ఒత్తిడి గాలితోనో ఆవిరితోనో క్షిపణిని బయటకు నెడతారు. మనం చిన్నప్పుడు వెదురు గొట్టంలో కాయ పెట్టి ఊదినట్టు. అది నీటి పైకి వచ్చాక అప్పుడు మోటారు అంటుకుంటుంది.

పొలారిస్ మొదటి రకం, ఏ-1, బరువు సుమారు 13 టన్నులు, పోయే దూరం 2,200 కిలోమీటర్లు. బాంబు శక్తి 600 కిలోటన్నులు, అంటే హిరోషిమా మీద వేసినదానికి నలభై రెట్లు. ఇంత పెద్ద బాంబు ఎందుకు? గురి సరిగా లేదు కాబట్టి. సుమారు రెండు కిలోమీటర్లు అటూ ఇటూ పడేది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో డిస్పాచ్‌లో కూర్చున్నాను. పొలారిస్ అంటే డోరు నెంబరూ వీధి పేరూ లేకుండా ఊరి పేరు మాత్రమే రాసిన కవరు. ఊరికి చేరుతుంది, ఇంటికి చేరదు. నేల మీది క్షిపణికి తను ఎక్కడి నుంచి లేస్తుందో గజం తేడా లేకుండా తెలుసు. జలాంతర్గామికి సముద్రంలో తనెక్కడుందో తనకే కచ్చితంగా తెలియదు. ఎక్కడినుంచి బయలుదేరిందో తెలియనిది ఎక్కడికి చేరుతుంది? ఈ చిక్కు విప్పడానికే వాళ్లకు ముప్పై ఏళ్లు పట్టింది.

ఇంకో విచిత్రం. ఆ పొలారిస్ బాంబుల్లో, పొరపాటున పేలకుండా ఒక రక్షణ ఏర్పాటు పెట్టారు. 1960ల మధ్యలో తనిఖీ చేస్తే, ఆ ఏర్పాటు పాడై, చాలా బాంబులు అసలు పేలవలసి వచ్చినా పేలవని తేలింది. తరువాత బాగు చేశారు. కాని ఆ నాలుగైదేళ్లూ ప్రపంచం వాటికి భయపడే ఉంది. కాగితం మీద ఉన్న పోలీసు బందోబస్తుకు దొంగ భయపడినట్టు. ఈ ఆయుధాల పని పేలడం కాదు, ఎదుటివాడు పేలుతుందని నమ్మడం. ఈ మాట మనసులో పెట్టుకోండి, మిగతాదంతా దీని మీదే నడుస్తుంది.

ఏ-2 దూరం 2,800. 1964లో వచ్చిన ఏ-3 దూరం 4,600 కిలోమీటర్లు, నెత్తిన మూడు బాంబులు. కాని మూడూ ఒకే ఊరి చుట్టూ పడేవి. తరువాతి తరం పొసైడన్, 1971. గ్రీకుల సముద్ర దేవుడు, మన వరుణుడిలాంటివాడు. దూరం పెద్దగా పెరగలేదు. మార్పు నెత్తి మీద వచ్చింది. పది బాంబులు, పదీ పది వేర్వేరు చోట్లకు. ఆ బాంబులు మోసే పై భాగాన్ని ఆ ఇంజనీర్లు నిజంగానే బస్సు అంటారు. మన ఆర్టీసీ బస్సులాగే స్టాపు స్టాపుకూ ఒక ప్రయాణికుణ్ణి దించుకుంటూ పోతుంది. లెక్క చూడండి. పొలారిస్ నౌక ఒకటి పదహారు ఊళ్లను బెదిరించేది. అదే నౌకలో, అవే గొట్టాల లోపలి తొడుగు తీసేసి లావుపాటి పొసైడన్లు పెడితే నూట అరవై చోట్లను బెదిరించింది. నలభై ఒక్క నౌకల్లో ముప్పై ఒకటిని అలా మార్చారు. పాత క్వార్టరులోనే గోడలు చెక్కి పెద్ద సంసారం పెట్టినట్టు.

బాంబు సైజు మాత్రం తగ్గింది. 600 కిలోటన్నులు పోయి 40 కిలోటన్నులకు వచ్చింది. చిన్నది కాబట్టి మంచిదనుకోవద్దు. చిన్నది సరిపోతోందంటే గురి కుదురుతోందని అర్థం.

1979లో ట్రైడెంటు వచ్చింది, అంటే త్రిశూలం. మొదటి ట్రైడెంటు పొడవూ లావూ పొసైడన్‌వే. దూరం మాత్రం 7,400 కిలోమీటర్లు. ఎలా వచ్చింది? లోపల ఖాళీ వృథా కాకుండా మూడో మోటారును బాంబుల మధ్యలోకి దూర్చారు, తేలికైన పీచుతో గొట్టం నేశారు. ముక్కు మొద్దుగా ఉంటే లోపల చోటు కలిసొస్తుంది గాని గాలి అడ్డుపడుతుంది. అందుకని పైకి లేచాక ముక్కులోంచి ఒక సన్నని కడ్డీ గొడుగు కర్రలాగా బయటకు పొడుచుకొస్తుంది. ఆ కడ్డీయే గాలిని చీలుస్తుంది. ఇన్ని లెక్కల మధ్య నాకు బాగా నచ్చిన తెలివి అది. పైగా దారిలో ఒక నక్షత్రాన్ని చూసి, తను బయలుదేరిన చోటు లెక్కలో తప్పుంటే సరిదిద్దుకుంటుంది. ధ్రువ నక్షత్రం పేరు పెట్టుకున్నది నక్షత్రం చూడలేదు, త్రిశూలం పేరు పెట్టుకున్నది చూసింది.

1990లో వచ్చిన రెండో ట్రైడెంటు, డి-5, ఇప్పటికీ వాళ్ల నౌకల్లో ఉన్నది అదే. 13 మీటర్ల పైన ఎత్తు, 59 టన్నులు. బరువు తగ్గించి పంపితే 12,000 కిలోమీటర్లు. గురి వంద మీటర్ల చుట్టుపక్కల. డోరు నెంబరు, వీధి, పిన్‌కోడుతో సహా రాసిన కవరు. 1989లో నీటి అడుగు నుంచి వదిలిన మొదటిది గాలిలో మొగ్గలేసి ముక్కలైంది. తరువాత 190కి పైగా పరీక్షలు నెగ్గాయి. బ్రిటన్ వాళ్లు అమెరికా నుంచి తీసుకుని వాడేదీ ఇదే. వాళ్లకు మాత్రం 2016లో ఒకటి, 2024 జనవరిలో ఒకటి పరీక్షలో తప్పాయి.

ఇక్కడ నా సొంత అభిప్రాయం ఒకటి చెబుతాను, ఒప్పుకోనివారు టీ దగ్గర తగువు పెట్టుకోవచ్చు. దూరం పెరగడం ఒక రకం మార్పు, గురి పెరగడం ఇంకో రకం మార్పు. రెండింటినీ ఒకే జీతపు స్కేలులో వేయకూడదు. ఏ-1 ఉన్న నౌక మాస్కోను అందుకోవాలంటే నార్వే పక్క సముద్రానికి పోయి కూర్చోవాలి. దానికోసం స్కాట్లండులో హోలీ లాక్ అనే చోట 1961లో స్థావరం పెట్టుకున్నారు. ట్రైడెంటు వచ్చాక ఇంటి ముందు సముద్రంలోంచే పని అవుతుంది, 1992లో ఆ స్థావరం మూసేశారు. వెతకవలసిన సముద్రం పెద్దదైన కొద్దీ నౌక దొరకదు. దొరకని నౌకకు తొందర ఉండదు. దేశం మీద దాడి జరిగిందన్న కబురు నిజమా అబద్ధమా అని తేల్చుకోవడానికి వ్యవధి ఉంటుంది. ఆ రకంగా దూరం ఓపికను పెంచింది. గురి పెరగడం దానికి విరుద్ధం. ఊరి పేరు మాత్రమే తెలిసిన క్షిపణితో పగ తీర్చుకోగలం గాని ముందుగా దెబ్బ తీయలేం. డోరు నెంబరు తెలిసిన క్షిపణి, కాంక్రీటు గోతిలో దాచిన ఎదుటివాడి క్షిపణిని కూడా కొట్టగలదు. అప్పుడు ఎదుటివాడికి నిద్ర పట్టదు. "వాడు కొట్టక ముందే మనం కొడదాం" అనే ఆలోచన రెండు వైపులా పుడుతుంది. అందుకే నా లెక్కలో మొదటి ట్రైడెంటు నుంచి రెండోదానికి పోవడం ప్రమోషనుగా కనబడినా, లోకానికి మేలు చేసిన మెట్టు మాత్రం దాని ముందుదే.

ఇక రష్యా వాళ్ల సంగతి. వాళ్లు చాలాకాలం ద్రవ ఇంధనాన్నే పట్టుకున్నారు. అసమర్థులని కాదు. ద్రవ ఇంధనం బరువుకు తగ్గ శక్తి ఇస్తుంది, మకేయెవ్ అనే ఆయన సంస్థ అందులో ఆరితేరింది. ఫ్యాక్టరీలోనే ఇంధనం నింపి సీలు వేసి పంపేవారు. 1968లో వచ్చిన ఆర్-27 దూరం 2,400 కిలోమీటర్లు. 1974లో వచ్చిన ఆర్-29 దూరం 7,800. అమెరికా కన్నా ఐదేళ్లు ముందే ఖండాలు దాటే క్షిపణి వాళ్ల నౌకల్లో ఉంది. ఇది మన పత్రికల్లో ఎక్కువగా రాలేదు. 1980లలో ఘన ఇంధనంతో 90 టన్నుల ఆర్-39 చేశారు. దాన్ని మోయడానికి టైఫూన్ అనే నౌక కావలసివచ్చింది, నీళ్లలో మునిగితే 48,000 టన్నులు. అంత లావు క్షిపణి చేస్తే అంత లావు నౌక తప్పదు. ఇప్పటి బులావా 37 టన్నుల లోపే. దాని పరీక్షలు చాలాసార్లు తప్పాయి. 2009 డిసెంబరులో ఒకటి తప్పినప్పుడు నార్వే ఆకాశంలో తెల్లవారుజామున పెద్ద సుడి వెలుగు కనబడి జనం హడలిపోయారు.

కొత్త తరం వచ్చినా పాత తరం వెంటనే రిటైరు కాదు. దాని ఫలితం కె-219 అనే నౌకలో చూడాలి. నేను చదివినవాటిలో మనసులో నిలిచిపోయినది ఇదే. ఆర్-29 వచ్చి పన్నెండేళ్లయినా ఆ నౌకలో పాత ఆర్-27 రకమే ఉంది. దూరం చాలదు కాబట్టి ఆ నౌక అట్లాంటిక్ అంతా దాటి అమెరికా వైపు పోవలసిందే. 1986 అక్టోబరు 3న, బెర్ముడా దీవులకు ఈశాన్యంగా, ఒక గొట్టంలోకి సముద్రపు నీరు కారింది. సీలు వేసిన ఇంధనం బయటకు వచ్చింది, పేలింది. ఆ నౌకలో 1973లోనే ఇలాంటి ప్రమాదం జరిగి ఒక గొట్టం మూసేసి ఉన్నారు. అయినా సర్వీసులో ఉంచారు. ముగ్గురు అక్కడికక్కడే పోయారు. అణు రియాక్టరు తనంతట తను ఆగలేదు. సెర్గేయ్ ప్రెమీనిన్ అనే ఇరవై ఏళ్ల నావికుడు, తనతో వచ్చిన అధికారి స్పృహ తప్పే స్థితికి వచ్చాక, ఆ వేడిలోకి ఒక్కడే మళ్లీ వెళ్లి చేతితో తిప్పి రియాక్టరును ఆపాడు. తిరిగి వస్తే తలుపు తెరుచుకోలేదు. రెండు గదుల మధ్య గాలి ఒత్తిడి తేడా. అవతల వాళ్లు లాగుతున్నారు, ఇవతల వీడు తోస్తున్నాడు, రాలేదు. లోపలే పోయాడు. మూడు రోజులకు నౌక క్షిపణులతో సహా మునిగిపోయింది. ఆ ఏడు ఏప్రిల్‌లోనే చెర్నోబిల్ జరిగింది. రెండోది సముద్రంలో జరగకుండా ఆపిన పిల్లవాడికి రష్యా హీరో బిరుదు 1997లో ఇచ్చారు. మన ఇళ్లలో ఇరవై ఏళ్ల పిల్లాణ్ణి ఒంటరిగా హైదరాబాదు పంపాలంటే రెండు సార్లు ఫోను చేస్తాం.

క్షిపణి దూరం అనేది అంకె కాదని నేనంటున్నది అందుకే. క్షిపణి ఎంత తక్కువ దూరం పోతే, దాన్ని మోసే పిల్లలు అంత ఎక్కువ దూరం పోవాలి.

ఫ్రాన్సు 1971లో మొదలుపెట్టి 2010 నాటికి ఎం-51 దాకా వచ్చింది. చైనా 1982లో మొదటిదాన్ని పరీక్షించింది, ఇప్పుడు ఖండాలు దాటేవి ఉన్నాయి. వాటి వివరాల్లోకి పోను, సమయం చాలదు. బ్రిటన్ వాళ్ల ఆచారం ఒకటి మాత్రం మన గుమాస్తాలు తప్పక వినాలి. అక్కడ కొత్త ప్రధానమంత్రి రాగానే, నాలుగు జలాంతర్గాముల కెప్టెన్లకు నాలుగు ఉత్తరాలు స్వదస్తూరీతో రాస్తారు. దేశమే నాశనమై, ప్రభుత్వమంటూ లేకుండా పోతే అప్పుడు ఏం చేయాలో అందులో ఉంటుంది. సీలు వేసి నౌకలో పెట్టెలో పెడతారు. ఆ ప్రధాని దిగిపోతే విప్పకుండానే నాశనం చేస్తారు. టైపు లేదు, ఆఫీసు కాపీ లేదు, ఫైలు నెంబరు లేదు. ఇన్నేళ్లలో ఒక్కటీ విప్పలేదు. నా సర్వీసులో "అత్యంత రహస్యం" కవర్లు నా బల్ల దాటకముందే నాలుగు చోట్ల తెలిసేవి.

ఇక మన సంగతి. 2009 జులై 26న, కార్గిల్ విజయ దినం నాడు, ఇక్కడే అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ గారి సమక్షంలో వారి శ్రీమతి గురుశరణ్ కౌర్ గారు కొబ్బరికాయ కొట్టి అరిహంత్‌ను నీళ్లలోకి దింపారు. 2016లో నౌకాదళంలో చేరింది. 2018 నవంబరులో మొదటి గస్తీ ముగించిందని ప్రధాని మోదీ గారు ప్రకటించారు. అమెరికా మొదటి గస్తీ 1960, మనది 2018. యాభై ఎనిమిదేళ్లు. మనం రిటైరైన వయసు.

అరిహంత్ పొడవు సుమారు 110 మీటర్లు, గొట్టాలు నాలుగే. ఒక్కో గొట్టంలో చిన్నవి మూడు, లేక పెద్దది ఒకటి. చిన్నది కె-15, సాగరిక. పెద్దది కె-4. కలాం గారి పేరులోని మొదటి అక్షరమే ఆ 'కె' అంటారు. రెండూ హైదరాబాదు ప్రయోగశాలల్లో పుట్టాయి, మన ఊరి ముందు సముద్రంలో నడక నేర్చాయి. జలాంతర్గామి సిద్ధం కాక ముందు, నీళ్లలో ముంచిన పాంటూను మీంచి వాటిని వదిలేవారు. 2008 ఫిబ్రవరి 26న కె-15ను అలాగే వదిలారు, 2014 మార్చి 24న కె-4ను.

కె-15 పోయేది 700, 750 కిలోమీటర్లు. అంటే దూరంలో రష్యా ఆర్-13 పక్కన కూర్చుంటుంది. అది తప్ప ఇంకేదీ లేకపోతే మన నౌక పరాయి తీరం దగ్గరకు పోవలసిందే, కె-219 పోయినట్టు. కె-4 దూరం 3,500. పొలారిస్ ఏ-2కూ ఏ-3కూ మధ్య. ఇక్కడి నుంచి బీజింగ్ సుమారు 4,000 కిలోమీటర్లు. అంటే మన తీరం నుంచి అందదు, బంగాళాఖాతం ఉత్తరపు కొస దాకా పోవాలి, అక్కడ సముద్రం ఇరుకు. అందుకే ఇంకా దూరం పోయేవి తయారు చేస్తున్నారు. మన మిత్రుడి ప్రశ్నకు జవాబు ఇప్పుడు చెప్పవచ్చు. దూరం ఒక్కటే కొలిస్తే అవును, 1960ల దగ్గర ఉన్నాం. కాని కె-4 ఊరి పేరు మాత్రమే రాసిన కవరు కాదు. గురి కుదర్చడంలో ఆనాటివారికి లేని సాధనాలు మనవాళ్ల చేతిలో ఉన్నాయి. పైగా 2003లో మన ప్రభుత్వం ముందుగా అణ్వాయుధం వాడబోమని అధికారికంగా ప్రకటించింది. ఆ మాట మీద నిలబడే దేశానికి డి-5 లాగా ఎదుటివాడి గోతుల్ని ఏరి ఏరి కొట్టే పది తలల క్షిపణి అవసరం లేదు. కావలసింది దొరక్కుండా ఉండటం. అందుకు దూరం కావాలి, నిశ్శబ్దంగా నడిచే నౌక కావాలి, నౌకల సంఖ్య కావాలి. ఒకటి గస్తీలో ఉంటే ఒకటి రిపేరులో, ఒకటి శిక్షణలో ఉంటుంది. అందుకే బ్రిటనూ ఫ్రాన్సూ నాలుగేసి పెట్టుకున్నాయి. మన రెండో నౌక అరిఘాత్ 2024 ఆగస్టు 29న చేరింది. నన్నడిగితే మన లోటు తరంలో కన్నా తలకాయల లెక్కలోనే ఎక్కువ. స్ట్రెంగ్తు శాంక్షను కాని ఆఫీసులో పని చేసినవాళ్లకు ఈ బాధ తెలుసు.

ఆఖరుగా ఒక మాట. నీళ్లలో ఉన్న నౌకకు కబురు చేరాలంటే మామూలు రేడియో పనికిరాదు. చాలా పొడుగు తరంగాలు కావాలి, వాటికి విశాలమైన స్థలంలో పెద్ద పెద్ద స్తంభాలు కావాలి. తిరునెల్వేలి దగ్గర ఒకటి 1990 నుంచి ఉంది. రెండోదానికి 2024 అక్టోబరు 15న తెలంగాణలో వికారాబాద్ దగ్గర దామగుండం అడవిలో శంకుస్థాపన చేశారు. చెట్లు పోతాయని అక్కడివారు అభ్యంతరం చెప్పారు, ఆ మాటా కొట్టిపారేయదగినది కాదు. ఆ స్తంభాల నుంచి కబురు పోతుందే గాని, నౌక నుంచి జవాబు రాదు. జవాబిస్తే ఎక్కడున్నదో తెలిసిపోతుంది. అమెరికా, బ్రిటన్ నౌకల్లో ఇంటివాళ్లు నాలుగు ముక్కల కబురు పంపుకోనిస్తారు. బిడ్డ పుట్టిందనీ, పరీక్ష పాసైందనీ. దానికీ జవాబుండదు. మన నేవీ క్వార్టర్లలో ఉండే ఆడపిల్లలు కూరగాయల బండి దగ్గర మనకు రోజూ కనబడుతూనే ఉంటారు. వాళ్లలో ఎవరి భర్త ఎక్కడున్నాడో వాళ్లకే తెలియదు, మనం అడగకూడదు.

 ప్రశ్నలు టీ తరువాత. డి.ఎ. బకాయిల సంగతి కోశాధికారి గారు చెబుతారు.